ఒక్కరోజు ట్రిప్: నీళ్ల కింద ఉన్న మన రాజధానికి



తరగతిలో జపాన్ పాత రాజధాని నారా గురించి చెబుతున్నప్పుడు ఒక బాబు లేచి, "మిస్, మనకు అలాంటి ఊరు లేదా?" అని అడిగాడు. ఉంది. మఠంపల్లి నుంచి హుజూర్‌నగర్, మిర్యాలగూడ, హాలియా మీదుగా వెళ్తే సుమారు మూడు గంటల ప్రయాణం. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి. ఇప్పుడు అది నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది.

ఈ ట్రిప్‌ను సరిగా ప్లాన్ చేయకపోతే ఏమవుతుందో నాకు అనుభవమే. రెండేళ్ల కిందట మా అక్క పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లాను. అది శుక్రవారం. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవని అక్కడికి వెళ్లాకే తెలిసింది. డ్యామ్ గేట్లు చూసి, చేపల వేపుడు తిని తిరిగొచ్చాం. "పిన్నీ, నగరం ఏది?" అని చిన్నోడు దారంతా అడుగుతూనే ఉన్నాడు. తప్పు నాదే.

వెళ్లేముందు పది నిమిషాల కథ

క్రీ.శ. 3వ శతాబ్దంలో శాతవాహనుల తర్వాత ఇక్ష్వాకులు ఇక్కడి నుంచి పాలించారు. రాజులు యజ్ఞాలు చేశారు. వారి ఇంటి ఆడవాళ్లు బౌద్ధ స్తూపాలకు, విహారాలకు దానాలిచ్చారు. శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ మహాచైత్యానికి ఇచ్చిన దానం శాసనాల్లో ఉంది. సింహళం నుంచి వచ్చిన భిక్షువులకూ ఇక్కడ విహారం ఉండేది.

1926లో ఈ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కొన్ని కట్టడాలను కొండ మీదా, అనుపు దగ్గరా తిరిగి నిర్మించారు. ఆ కొండే ఇప్పుడు దీవి.

నారాతోనూ దీనికి సంబంధం ఉంది. అక్కడి ఆరు బౌద్ధ సంప్రదాయాల్లో ఒకటైన సాన్‌రోన్‌కు ఆధారం ఆచార్య నాగార్జునుడి గ్రంథాలే. మన కొండకున్నది ఆయన పేరే.

ముందు లాంచీ, తర్వాతే మిగతావి

దీవికి వెళ్లే దారి నీళ్ల మీదే. తెలంగాణ వైపు ఒకటి, ఆంధ్ర వైపు విజయపురి సౌత్‌లో ఒకటి లాంచీ స్టేషన్లున్నాయి. నీటిమట్టం, గాలి, వానను బట్టి లాంచీలు ఆగిపోతుంటాయి. అందుకే ముందురోజు పర్యాటక శాఖకు ఫోన్ చేసి, ఏ వైపు నుంచి, ఏ సమయానికి ఉందో అడగండి. తెల్లవారుజామునే బయలుదేరి ఉదయం లాంచీ అందుకోండి. లైఫ్ జాకెట్ లేకుండా పిల్లలను ఎక్కించకండి. టోపీలు, తాగునీళ్లు, పులిహోర డబ్బా వెంట ఉంచుకోండి. ఎండ తక్కువగా ఉండే నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

లాంచీ లేకపోతే దిగులు పడొద్దు. అనుపుకు రోడ్డు మీదే వెళ్లవచ్చు. నాలుగు వైపులా మెట్ల వరుసలున్న పాత ప్రాంగణాన్ని అక్కడ తిరిగి కట్టారు. 2022లో ప్రారంభమైన బుద్ధవనం సాగర్‌లోనే ఉంది.

ఒక్కరోజులో రెండు చోట్లు చాలు

దీవి, అనుపు. లాంచీ లేని రోజు అనుపు, బుద్ధవనం. అంతే. ఎత్తిపోతల కూడా కలిపితే పిల్లలకు కారు కిటికీ తప్ప ఏమీ గుర్తుండదు. ఆ జలపాతాన్ని మరో సెలవుకు దాచిపెట్టండి.

పిల్లలకు ఒక చిన్న పని

మ్యూజియంలో అన్నీ చూపించాలని చూడకండి. ఒక్కటి వెతకమనండి. ఇక్కడి స్తూపాల వేదికల మీద ఐదేసి ఆయక స్తంభాలుండేవి. అవి బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు గుర్తు: పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి బోధ, నిర్యాణం. వీటిలో ఏవి శిల్పాల్లో కనిపిస్తాయో పిల్లలే కనిపెట్టి నోటుబుక్కులో బొమ్మ వేయాలి. ఇంటికి రాగానే తాతయ్యకో నానమ్మకో ఆ బొమ్మ చూపించి చెప్పమనండి. చెప్పగలిగితే ట్రిప్ ఫలించినట్టే.

తిరుగు ప్రయాణంలో ఎడమ కాలువ కనిపించిన చోట ఒక్క నిమిషం కారు ఆపండి. మన మండలంలో చాలా పొలాలు పచ్చగా ఉన్నది ఆ నీళ్లతోనే. ఆ నీళ్ల కోసమే విజయపురి మునిగింది. మనం తినే అన్నం వెనుక ఒక నగరం ఉందని పిల్లలకు ఆ గట్టు మీద నిలబడి చెప్పండి. ఆ పాఠం తరగతి గదిలో నేను అంత బాగా చెప్పలేను.

వెళ్లొచ్చాక పిల్లల బొమ్మలను నాకు పంపండి. తరగతి గోడ మీద అంటిస్తాను. ఒక్క మాట మరవకండి: శుక్రవారం మాత్రం వద్దు.

మీ ఇంగ్లిష్ టీచర్