నాన్నా... చేతులు కనిపించనీ!

కొడుకు కారు నడపడం నేర్చుకుంటే ఏ తల్లయినా 'నెమ్మదిగా వెళ్లు నాన్నా' అంటుంది. అమెరికాలో నల్లజాతి తల్లులు మరో జాగ్రత్తా చెబుతారు. పోలీసులు ఆపితే చేతులు కనిపించేలా ఉంచాలి, ఎదురు మాట్లాడకూడదు... తన తప్పేమీ లేకపోయినా సరే!

'ద టాక్'గా పేరుపడ్డ ఈ పాఠమే 'ఎ కాన్వర్జేషన్ విత్ మై బ్లాక్ సన్' డాక్యుమెంటరీకి కథావస్తువు. గీతా గాంద్‌భీర్, బ్లెయిర్ ఫోస్టర్ తీసిన ఈ 5 నిమిషాల చిత్రాన్ని న్యూయార్క్ టైమ్స్ 2015లో విడుదల చేసింది. ఫెర్గూసన్‌లో 18 ఏళ్ల మైఖేల్ బ్రౌన్ పోలీసు తూటాకు బలైంది అంతకు ముందు ఏడాదే. తర్వాత ఇదే వరసలో పోలీసుల మాటలనూ చిత్రీకరించారు.

ఇందులో మాత్రం మాట్లాడేది తల్లిదండ్రులే. ధైర్యం చెప్పాల్సినవాళ్లే బిడ్డకు భయం నేర్పాలి. అదీ, వాడు క్షేమంగా ఇంటికి రావడం కోసం!