విహారనౌకలో గది యెన్నుకొనుట

ఇల్లు కట్టుకొనునపుడు వాకిలి యే దిక్కున నుండవలెనో, వంటయిల్లు ఏ మూల నుండవలెనో పదిమంది నడిగి తెలిసికొందుము. పెండ్లివారికి విడిది కుదుర్చునపుడు సైతము నీటివసతి చూడక బయానా ఇయ్యము. అట్టి మనమే ఓడలో మూడు రాత్రులు నిద్రింపవలసిన గదిని వెలను బట్టియో, గొప్పను బట్టియో యెన్నుకొందుము. ఈ పొరపాటు నేనును చేసితిని. దాని ఫలమును నేను గాక మా అత్తగా రనుభవించిరి. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించితిని.

పూర్వము మన తీరమునుండి రంగమునకు బొట్ట చేతబట్టుకొని పోయిన జనులకు గదుల విచారము లేకుండెను. ఓడ పైభాగమున చాప పఱచుకొని, ఎండకును వానకును ఓర్చి, దినములు లెక్కించుకొనుచు పోవుటయే వారి ప్రయాణము. మా అత్తగారి మేనత్త యట్లు పోయి వచ్చినవారిలో నొకతె. ఆమె చెప్పిన సముద్రపు ముచ్చటలు వినుచు పెరిగిన మా అత్తగారికి డెబ్బదియవ యేటను గూడ ఓడ యెక్కవలెనను కోరిక చావలేదు. ఇపుడు కాలము మాఱినది. 2022 లో విశాఖపట్టణమునుండి చెన్నపట్టణమునకు విహారనౌక నడచినది. 2023 లో విశాఖలో అట్టి నౌకల ప్రయాణికులకై ప్రత్యేకముగ టెర్మినలును తెఱచిరి. ఉపాధ్యాయులైన మావారు జీతములో కొంచెము కొంచెముగా మిగిల్చి తల్లికోరిక తీర్పదలచి, చెన్నపట్టణమున నొక నౌకకు టిక్కెట్లు తీసిరి.

“అమ్మకు సముద్రము చూపుటకే గదా పోవుట” యని మే మిరువురమును ఆలోచించి, అన్నిటికంటె పై అంతస్తులలో, ఓడ ముందుకొనయందు, బాల్కనీగల గదిని తీసికొంటిమి. మొదటి రాత్రియే గాలి లేచినది. గది యంతయు పైకి లేచుట, నిలుచుట, జారిపడుట. అత్తగారు మఱునాటి మధ్యాహ్నము వఱకు తల యెత్తలేదు. “సముద్రం చూద్దామని వచ్చి గిన్నె చూస్తున్నానే, అమ్మాయీ!” అని నవ్వబోయి నవ్వలేక కన్నులు మూసికొనిరి. నాకు కడుపులో చేయి పెట్టి దేవినట్లయ్యెను. పిమ్మట ఓడలోని పరిచారిక యొకతె వచ్చి, ఆమెను చేయిపట్టి క్రింది అంతస్తునకు నడిపించి, ఓడ నడుమ నున్న యొక పెద్ద కిటికీ కడ కూర్చుండబెట్టినది. గంట గడువకమునుపే అత్తగారు మజ్జిగయన్న మడిగిరి. గాలి తగ్గలేదు; మేము కూర్చున్న చోటు మాత్రమే మాఱినది.

దీనికి కారణము విచారింప మిక్కిలి తేలికది. త్రాసుకాడను చూడుడు. కొనల తట్టలు జానెడు లేచి దిగుచున్నను, నడిమి ముడి కదలదు. అలమీది ఓడయు నట్లే. మన పల్లెకారులు అణియమని పిలుచు ముందుభాగమును, అమరమని పిలుచు వెనుకభాగమును ఎక్కువగ లేచిపడును, నడుమ తక్కువ. ఇక గాలికి తాడిచెట్టును చూడుడు. మొదలు నిలిచియుండ తల యూగును. ఓడ ప్రక్కలకు ఒరగునపుడు పై అంతస్తు ఎక్కువగను, క్రింది అంతస్తు తక్కువగను ఊగును. కావున వికార మెఱిగినవారికి క్రిందిగను నడుమను ఉన్న గదియే శ్రేష్ఠము. నేటి నౌకలకు ప్రక్కల నీటిలో చేప రెక్కలవంటి సాధనము లుండును. అవి ప్రక్కలకు ఊగుటను తగ్గించును గాని, ముందువెనుకల లేచిపడుటను అంతగా తగ్గింపలేవు.

గదులు సామాన్యముగ మూడు విధములు: కిటికీలేని లోపలి గది, తెఱవరాని గాజుకిటికీ గల గది, బాల్కనీ గల గది. లోపలి గది వెల తక్కువ. చీకటి కావున నిద్ర బాగుగ పట్టును. కాని యందొక చిక్కు గలదు. మన చెవి లోపల తూకము తెలుపు నవయవ మున్నది. అది “కదలుచున్నా” మని చెప్పగా, నాలుగు గోడలనే చూచు కన్ను “లే” దని చెప్పును. ఈ తగవే వికారమునకు మూలము. దూరమున నీరును ఆకాశమును కలియు గీతను చూచిన కన్నును చెవియు సమాధానపడును. లోపలి గది తీసికొన్నవారు వికారము తోచగానే బయటికి వచ్చి ఆ గీతను చూడవలెను. లేదా కన్నులు మూసి పండుకొనవలెను. మాత్రలు వైద్యుని నడిగి ముందుగనే వేసికొనవలెను. వాంతి మొదలైన పిదప మ్రింగిన మాత్ర కడుపులో నిలువదు.

కిటికీ యున్నదనగానే సముద్రము కనిపించునని నమ్మరాదు. ప్రాణరక్షణకై కట్టిన పడవలు కొన్ని కిటికీల కడ్డముగ నుండును. అట్టి గదులకు వెల తగ్గింతురు. ఆ మాట టిక్కెట్టు తీయునపుడే అడుగవలెను.

తరువాతిది సద్దు. నౌకల సంస్థలు ప్రతి యంతస్తునకును పటము ప్రకటించును. అందు మన గదిని మాత్రమే కాక, దాని పైని ఏమున్నదో, క్రింద ఏమున్నదో చూడవలెను. పైని ఈతకొలనున్న తెల్లవాఱకమునుపే కుర్చీ లీడ్చు చప్పుడు. పైని వంటశాల యున్న బండ్ల చప్పుడు. క్రింద నాట్యశాల యున్న అర్ధరాత్రి వఱకు మృదంగమే. ముందుకొన క్రింది గదులకు రేవు చేరునపుడు లంగరు గొలుసు మ్రోత. వెనుకకొన క్రింది గదులకు ఓడను నడపు పంకాల యదురు. పైనను క్రిందను నిద్రించు గదులే యున్న గది ఉత్తమము. నడుమ తలుపుగల జంటగదులు పిల్లలతో వచ్చినవారికి సౌకర్యము. అపరిచితులు ప్రక్కనున్నచో వారి మాటలన్నియు మన చెవిని పడును.

వృద్ధులున్నచో లిఫ్టునకు దగ్గఱగ, కాని దాని కెదురుగ గాక, నాలుగైదు గదుల దూరమున తీసికొనుట మేలు. స్నానపుగది గడప యెత్తును, పట్టుకొను కడ్డీలును అడిగి తెలిసికొనవలెను. చక్రాలకుర్చీ పట్టు గదులు కొన్నియే యుండును గనుక ముందుగ చెప్పుకొనవలెను.

ఏ ప్రక్క గది యను ప్రశ్నయు గలదు. ముందునకు మొగమై నిలిచిన ఎడమప్రక్కను పోర్టనియు, కుడిప్రక్కను స్టార్‌బోర్డనియు అందురు. విశాఖనుండి చెన్నపట్టణమునకు పోవు ఓడకు కుడివైపున తీరము, ఎడమవైపున మహాసముద్రము, అందే సూర్యోదయము. తిరుగుప్రయాణమున ఇది తాఱుమాఱగును.

కొన్ని సంస్థలు గదిసంఖ్య ముందు చెప్పక, తమకు తోచిన గది నిచ్చు పద్ధతిని వెల తగ్గించి అమ్మును. పడుచువారికి అది లాభమే. వికారమెఱిగినవారును వృద్ధులును ఆ లాభమున కాశపడరాదు.

గది యేదైనను, చేరగానే చేయవలసిన పని యొకటి గలదు. 1912 లో టైటానిక్ మునిగిన పిమ్మట, 1914 లో దేశములు కూడి సముద్రమున ప్రాణరక్షణకై నిబంధనల నేర్పఱచినవి. అవి నాటినుండి పెరుగుచు వచ్చినవి. నేడు ఓడవారు ఆపదవేళ ఎక్కడ చేరవలెనో ప్రయాణికులకు చూపుదురు. దానిని వినోదముగ తలంపక, మన గదినుండి మెట్లవఱకు ఎన్ని తలుపులో లెక్కపెట్టుకొనుడు. ఆపదలో లిఫ్టు పనికిరాదు. పొగలో కన్ను కనిపింపదు. లెక్క యొక్కటియే చేతికి దారి చూపును.

మూడవనాటి తెల్లవాఱుజామున అత్తగారు నన్ను లేపి, “ఆ కిటికీ దగ్గఱికి పోదాం పద” అనిరి. క్రింది అంతస్తున, ఆ గాజుకిటికీ కడనే, మే మిద్దఱమును సూర్యోదయమును చూచితిమి. చాలసేపటి కామె, “మా మేనత్త అబద్ధం చెప్పలేదే” అనిరి. వేలు పోసి తీసికొన్న బాల్కనీలో ఆ మూడు దినములును మా తడితువాళ్లు మాత్రమే ఆఱినవి.

సోదరీమణులారా! మీ రెవరినైన వెంట తీసికొని పోవునపుడు, గదికి సొమ్ము కట్టకమునుపు వారి మోకాళ్లను, వారి కడుపును, వారి నిద్రను ఒక్కసారి తలచుకొనుడు. పిదప పటము చేతబట్టుడు.