కానుపు వేళ ఆపద – ఊళ్లో నేర్పేవారు ఎవరు?



కానుపు గదిలో మేము ఎక్కువగా భయపడేవి మూడు. కానుపు తర్వాత తల్లికి ఆగని రక్తస్రావం, బి.పి. పెరిగి ఫిట్స్ రావడం (దీనినే మన పెద్దలు గుర్రపు వాతం అనేవారు), పుట్టిన బిడ్డ ఏడవకపోవడం. రక్తం ఎక్కువగా పోతూ ఉంటే అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న తల్లి కూడా రెండు గంటల్లోపే చనిపోవచ్చు. బిడ్డకైతే మొదటి ఒక్క నిమిషమే ముఖ్యం. ఆ నిమిషంలో పొడిబట్టతో తుడవాలి, వీపు రుద్దాలి, అప్పటికీ ఊపిరి రాకపోతే బ్యాగు, మాస్కుతో గాలి అందించాలి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఒకే జాతీయ రహదారి మీద ఉన్నాయి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 అంబులెన్సులు మొదలయ్యాక ఎందరో తల్లులు సమయానికి ఆసుపత్రి చేరుతున్నారు. అయితే రోడ్డుకు లోపలగా ఉన్న పల్లెకు బండి వచ్చేలోపు తల్లి పక్కన ఉండేది డాక్టరు కాదు. ఏ.ఎన్.ఎం. ఉండవచ్చు, ఆశా కార్యకర్త ఉండవచ్చు, ఒక్కోసారి అత్తగారు మాత్రమే ఉంటారు. అందుకే అక్కడివారికే నేర్పాలి. అంతకంటే ముఖ్యంగా, ఇతరులకు నేర్పగలవారిని అక్కడే తయారు చేయాలి.

పట్నం నుండి నిపుణులు వచ్చి, ఒకరోజు తెరమీద బొమ్మలు చూపించి, సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లిపోయే శిక్షణలంటే నాకు పెద్దగా నమ్మకం లేదు. చేతితో చేసే పని వాడకపోతే కొద్ది నెలల్లోనే మరచిపోతాము. అదే ఊరి ఆరోగ్య కేంద్రంలోని నర్సుకు నేర్పడం కూడా వచ్చి ఉంటే, ఖాళీ దొరికిన మధ్యాహ్నం బొమ్మను బల్లమీద పెట్టి అందరిచేత మళ్లీ చేయిస్తుంది. నేర్పే పద్ధతి కూడా కష్టమైనదేమీ కాదు. బోధకురాలు మొదట మాట్లాడకుండా పని మొత్తం చేసి చూపిస్తుంది. తర్వాత ఒక్కొక్కటీ వివరిస్తూ చేస్తుంది. మూడోసారి నేర్చుకునేవారు చెబుతూ ఉంటే ఆమె చేస్తుంది. చివరికి వారే చేస్తారు.

రక్తస్రావం గురించి నేర్పేటప్పుడు అర లీటరు నీళ్లలో ఎర్ర రంగు కలిపి పాతచీర మీద పోసి, ఎంత ఉందో చెప్పమని అడగవచ్చు. చాలామంది తక్కువే చెబుతారు. నిజమైన కానుపులో కూడా కన్ను ఇలాగే మోసం చేస్తుంది. 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఆఫ్రికాలోని నాలుగు దేశాల ఆసుపత్రులలో జరిగింది. అక్కడ తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరచి రక్తాన్ని కొలిచారు. ఎక్కువ అనిపించగానే గర్భసంచిని మర్దన చేయడం, ఆక్సిటోసిన్, ట్రనెక్సామిక్ యాసిడ్ మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివలన కలిగే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి.

ఇక భాష సంగతి. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. అక్కడి ఇళ్లలో తమిళం, కన్నడం కూడా వినిపిస్తాయి. మనం మాయ అనేదాన్ని తమిళంలో నంజుకొడి అంటారు. "మాయ పడిందా?" అని అడిగితే అర్థంకాని ముసలమ్మ పక్కన ఆ మాట తెలిసిన మనిషి ఉండటం ఒక మందుతో సమానం.

ఊరి స్త్రీలకు ఇవన్నీ వస్తాయా అని కొందరు సందేహిస్తారు. మహారాష్ట్రలోని గడ్చిరోలి మన తెలంగాణకు పొరుగు జిల్లా. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు కొద్దిగా చదువుకున్న గ్రామ స్త్రీలకు పసిబిడ్డల సంరక్షణ నేర్పారు. ఆ సేవ లేని గ్రామాలతో పోలిస్తే నెలలోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గినట్లు 1999లో ప్రచురించారు. 2011లో కేంద్ర ప్రభుత్వం ఆశాల ద్వారా ఇంటివద్ద శిశు సంరక్షణ ప్రారంభించడానికి ఇది ఒక ఆధారం.

కుటుంబాలవారు చేయవలసింది కూడా ఉంది. గర్భిణికి తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం వాపు ఉంటే వేడి చేసిందని ఊరుకోవద్దు, అదేరోజు బి.పి. చూపించండి. కానుపు తర్వాత రక్తం ఎక్కువగా పోతుంటే 108కు ఫోన్ చేసి, బండి వచ్చేలోపు తల్లిచేత మూత్రం పోయించండి, బిడ్డను రొమ్ముకు పట్టించండి. పొత్తికడుపు రుద్దడం ఎలాగో ఆశా అక్కను ముందుగానే అడిగి తెలుసుకోండి. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, కాలినా, పక్కలు ఎగరవేస్తున్నా, అరచేతులు, అరికాళ్లు పసుపుగా మారినా దిష్టి తీసి కూర్చోకుండా వెంటనే బయలుదేరండి.

ఆసుపత్రిలో కానుపైన తల్లి ఇంటికి ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజులలో రావాలి. ఇంట్లోనే కానుపైతే మొదటిరోజు కూడా రావాలి. మన ప్రాంతంలో మొదటి కానుపుకు పుట్టింటికి వెళ్తారు కాబట్టి, అత్తవారి ఊరి ఆశా వద్ద పేరు ఉన్నా పుట్టింటి ఊరి ఆశాకు ఆ సంగతి తెలియదు. అమ్మాయి వచ్చిన వారంలోనే ఆమెకు కబురు చేయండి.