చైనావారి కడుపుకోత

పిల్లలూ! ఏదైనా ఘోరమైన వార్త విన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు "కడుపు తరుక్కుపోతున్నది" అనడం మీరు వినే ఉంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి బాధను కడుపుకోత అంటాం. నిజంగా ఎవరూ కత్తిపీట తెచ్చి కోయలేదు గదా! అయినా ఆ మాట వినగానే బాధ ఎంతటిదో మనకు తెలిసిపోతుంది.

చిత్రమేమంటే, చైనావారికి కూడా దుఃఖం కడుపులోనే పుడుతుంది.

వారి భాషలో "ఛెంగ్ యూ" అనే పలుకుబడులు వేలకొలది ఉన్నాయి. చాలావాటికి నాలుగే అక్షరాలు. చైనా లిపిలో ఇంచుమించు ప్రతి అక్షరానికీ ఒక అర్థం ఉంటుంది కాబట్టి, నాలుగక్షరాలంటే నాలుగు మాటలన్నమాట. "గాన్ ఛాంగ్ త్సున్ ద్వాన్" అని ఒకటి ఉన్నది. గాన్ అంటే కాలేయం, ఛాంగ్ అంటే పేగులు, త్సున్ అంటే సుమారు ఒక అంగుళం, ద్వాన్ అంటే తెగిపోవడం. కాలేయమూ పేగులూ అంగుళం ముక్కలుగా తెగిపోయాయని భావం. భరించరాని దుఃఖం కలిగితే ఈ మాట అంటారు.

దీనికి ఒక కథ చెప్పుకుంటారు. 5వ శతాబ్దంలో ల్యూ యీచింగ్ అనే రాజవంశీయుడు కూర్పించిన "షి షువో షిన్ యూ" అనే గ్రంథంలో అది ఉన్నది.

క్రీ. శ. 346లో హువాన్ వెన్ అనే సేనాపతి షూ దేశం మీదికి దండెత్తి, యాంగ్‌ట్సీ నది మీద పడవలలో పోతున్నాడు. మన గోదావరి పాపికొండల నడుమ ఇరుకై పారినట్లు, ఆ నది కూడా ఒకచోట మూడు కనుమల గుండా పారుతుంది. అక్కడ ఒక సైనికుడు ఒక కోతిపిల్లను పట్టుకున్నాడు. తల్లికోతి ఏడుస్తూ గట్టు వెంబడి పడింది. కొంచెం దూరమా? నూరు లీలకు పైగా! మన లెక్కలో నలభై కిలోమీటర్ల పైమాటే. చివరకు పడవలోకి దూకింది. దూకీ దూకగానే ప్రాణం విడిచింది. పొట్ట కోసి చూస్తే పేగులన్నీ ముక్కలు ముక్కలై ఉన్నాయట. సంగతి విని సేనాపతి మండిపడి, ఆ సైనికుణ్ణి కొలువులోనుంచి తీసివేయించాడు.

దుఃఖం వల్ల పేగులు అలా తెగవనుకోండి. ఇక పిల్ల ఏమయిందో గ్రంథంలో లేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా మా తరగతి పిల్లలు ముందుగా అడిగేది అదే!

చిన్న దిగులుకు వేరే మాట ఉన్నది. ముఖం ముడుచుకుని మూల కూర్చున్నవాణ్ణి "మెన్ మెన్ బు లె" అంటారు. "బు లె" అంటే సంతోషం లేదని. "మెన్" అనే అక్షరం రాయాలంటే తలుపు గుర్తు వేసి, దాని లోపల హృదయం గుర్తు వేస్తారు. తలుపును కూడా "మెన్" అనే అంటారు కనుక, పలుకు తెలియడానికే ఆ గుర్తు పెట్టారని పండితులు చెబుతారు. కావచ్చు. నాకు మాత్రం ఆ అక్షరం చూస్తే వెనుక బెంచీ కుర్రవాడొకడు గుర్తుకు వస్తాడు. "ఏమిరా, ఏమైంది?" అంటే, "ఏమీ లేదండీ" అని తల వంచుకునేవాడు. వాడు పెంచుకున్న దూడను సంతలో అమ్మివేశారని రెండు రోజుల తరువాత గాని నాకు తెలియలేదు.