కుక్కకి కథ చదివి వినిపిస్తే పిల్లలకి చదవడం వస్తుందా?

క్లాసులో పైకి చదవమంటే గొంతు పెగలని పిల్లలు ఉంటారు కదా? తప్పు చదివితే పక్కవాళ్ళు నవ్వుతారని భయం. ఆ భయంతో చదవడమే మానేస్తారు, ఇంకా వెనకబడిపోతారు.

దీనికి అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో 1999లో 'రీడ్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. శిక్షణ ఇచ్చిన కుక్క, దాన్ని చూసుకునే మనిషి కలిసి లైబ్రరీకో స్కూలుకో వస్తారు. పిల్లలు పక్కన కూర్చుని కథ చదువుతారు. కుక్క నవ్వదు, తప్పులు పట్టదు, తొందరపెట్టదు. 2013లో పెన్సిల్వేనియాలో మొదలైన 'బుక్ బడ్డీస్'లో అయితే షెల్టర్ పిల్లులకి చదువుతారు. పిల్లలకి సాధన, పిల్లులకి మనిషి తోడు.

అయితే ఒకటి చెప్తాను. కుక్క అక్షరాలు నేర్పదు, అది టీచర్ పనే. కుక్క వల్ల వచ్చేది ధైర్యం. మీ ఇంట్లో తమ్ముడో చెల్లో తడబడుతూ చదువుతుంటే వెంటనే సరిదిద్దకండి. ఫోన్ పక్కనపెట్టి పది నిమిషాలు ఊరికే వినండి.