నిర్ణయం ఎవరిది? – 1947లో నిజాం ప్రభుత్వం

హైదరాబాదు నుండి కర్నూలుకు పోయే రహదారి బీచుపల్లి వద్ద కృష్ణానదిని దాటుతుంది. అక్కడి నుండి తుంగభద్ర వరకు గల గద్వాల, అలంపురం ప్రాంతం ఒకప్పుడు నిజాం రాజ్యానికి దక్షిణపు అంచు. తుంగభద్రకు ఆవలి ఒడ్డున ఉన్న కర్నూలు మద్రాసు రాష్ట్రంలోనిది. 1947 ఆగస్టు 15 తరువాత నిజాం రాజ్యానికి ఏ దిక్కు చూసినా భారత యూనియనే పొరుగు. సముద్ర తీరం లేదు. జనాభాలో ముస్లింలు సుమారు 13 శాతం.

ఇటువంటి స్థితిలో పాలకుడు పొరుగు ప్రభుత్వంతో సంబంధాలను ఎలా నిర్ణయిస్తాడు? లాభనష్టాలను బేరీజు వేసి మేలైన మార్గాన్ని ఎన్నుకుంటాడన్నది పాత సిద్ధాంతం. క్యూబా క్షిపణుల సంక్షోభాన్ని పరిశీలించిన అమెరికా పండితుడు గ్రాహం ఆలిసన్, ఇది చాలదని 1971లో వాదించాడు. ప్రభుత్వమంటే ఒక మనిషి కాదు. శాఖలు తమ అలవాటు చొప్పున నడుస్తాయి, పెద్దలు తమలో తాము బేరమాడుకుంటారు, చివరకు తేలినదానికే నిర్ణయమని పేరు. నాయకుడు ఒక వంక పరాయి ప్రభుత్వంతోను, మరొక వంక తనవారితోను ఒకేసారి బేరం సాగించవలసి ఉంటుందని రాబర్ట్ పుట్నం 1988లో వివరించాడు.

ఈ రెండవ బేరమే హైదరాబాదులో బెడిసింది. 1947 అక్టోబరులో ఛత్తారీ నవాబు, వాల్టర్ మాంక్టన్, సుల్తాన్ అహ్మద్ ఢిల్లీ నుండి యథాతథ ఒప్పందపు ముసాయిదా తెచ్చారు. కార్యనిర్వాహక మండలిలో ఆరుగురు అనుకూలించారు, ముగ్గురు వ్యతిరేకించారు. నిజాం ఉస్మాన్ అలీఖాన్ 25వ తేదీన ఆమోదించి కూడా సంతకం వాయిదా వేశాడు. 27వ తేదీ తెల్లవారుజామున ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కు చెందిన వేలాదిమంది ఆ ముగ్గురి ఇళ్లను చుట్టుముట్టారు. ఢిల్లీ ప్రయాణం ఆగింది, ఛత్తారీ తప్పుకున్నాడు, కొత్త రాయబారులు బయలుదేరారు. నవంబరు 29న సంతకమైనది ముఖ్య విషయాలలో ఆ పాత ముసాయిదాయే! నెలరోజుల్లో పోయినది నమ్మకం. పెరిగినది ఖాసిం రజ్వీ పలుకుబడి.

ఢిల్లీలో కూడా ఒకే మాట లేదు. మౌంట్‌బాటన్ రాజీ కోరితే, పటేల్ కఠినంగా ఉన్నాడు. అయినా 1948 జూన్‌లో మౌంట్‌బాటన్ వెళ్లేముందు అందిన షరతులను లాయక్ అలీ ప్రభుత్వం తోసిపుచ్చింది. ఒకే అభిప్రాయం గల కొద్దిమంది కలిసి కూర్చున్నప్పుడు సందేహించేవాడు నోరు విప్పడని ఇర్వింగ్ జానిస్ 1972లో వ్రాసినది ఇక్కడ గుర్తుకు రాక తప్పదు. ఆగస్టులో భద్రతా మండలికి ఫిర్యాదు వెళ్లింది. సెప్టెంబరు 13న భారత సేనలు ప్రవేశించాయి, 17న లొంగుబాటు.

రజాకార్ల దౌర్జన్యాలను గ్రామాలు అంతకు ముందే చవిచూశాయి. పోలీసు చర్య సందర్భంగాను, ఆ తరువాతను ప్రాణాలు కోల్పోయినవారు తక్కువలో తక్కువ 27 వేల నుండి 40 వేల వరకు ఉంటారని పండిత్ సుందర్‌లాల్ బృందం అంచనా కట్టింది. వారిలో అత్యధికులు ముస్లింలు, ఏ మండలిలోను కూర్చోనివారు.

ఒక చిన్న ముఠా రాజ్యాన్ని చేజిక్కించుకున్నదని నిజాం సెప్టెంబరు 23న రేడియోలో చెప్పాడు. కొంతవరకు నిజమే. కాని అక్టోబరు 25న సంతకం వాయిదా వేసే నాటికి ఆ ఇళ్ల ముందు జనం ఇంకా చేరలేదు.