రిటర్న్ పికప్ లేని ఊళ్లో మంచి సర్వీస్ అంటే ఇదీ!

ఫోన్ రివ్యూల్లో కెమెరాకి, బ్యాటరీకి, ప్రాసెసర్‌కి మార్కులు వేస్తాం. వస్తువు పాడయ్యాక కంపెనీ ఏం చేసిందనేది మాత్రం చివర్లో ఒక్క లైన్‌తో సరిపెడతాం. భద్రాచలం దాటి అడవి వైపు ఉండే మాలాంటి వాళ్లకి ముందు చూడాల్సింది అదే. దుమ్ముగూడెం మండలంలోని మా ఊరికి డెలివరీ వస్తుంది కానీ, రిటర్న్ పెడితే "మీ పిన్‌కోడ్‌కి పికప్ లేదు" అంటుంది. ఖమ్మం వెళ్లి ఇచ్చొద్దామంటే భద్రాచలం నుంచే దాదాపు 120 కిలోమీటర్లు.

ఈసారి నాకు పాడైంది ఫోన్ కాదు, గిటార్ స్ట్రింగ్స్.

ఏం జరిగింది?

ఒక ఆన్‌లైన్ మ్యూజిక్ స్టోర్‌లో అకౌస్టిక్ గిటార్ సెట్ కొన్నాను. ట్యూనర్ యాప్ చూస్తూ బిగిస్తుంటే సన్న ఇ స్ట్రింగ్ 329.6 హెర్ట్జ్‌కి చేరకముందే, బాల్ ఎండ్ దగ్గర చుట్టు విడిపోయి ఊడొచ్చింది. రాత్రి మెయిల్ పెడితే పొద్దున్నే రిప్లై వచ్చింది. వీడియో కాల్ అడగలేదు. మా సిగ్నల్‌కి అదే పెద్ద సాయం! మూడు ఫొటోలు చాలన్నారు: ఊడిన చోటు, ప్యాకెట్ మీది కోడ్, గిటార్ శాడిల్.

ఆ మూడే ఎందుకంటే, స్ట్రింగ్స్ ప్రతిసారీ శాడిల్ దగ్గరే తెగుతుంటే అక్కడ పదునైన అంచు ఉండొచ్చు, అంటే తేడా గిటార్‌ది. కొత్త స్ట్రింగ్‌కి బాల్ ఎండ్ దగ్గర చుట్టు విడిపోతే అది తయారీ లోపం.

సాయంత్రానికి తేల్చేశారు. పాతవి వెనక్కి పంపక్కర్లేదన్నారు. ఒక్క స్ట్రింగ్ కాకుండా సెట్ మొత్తం స్పీడ్ పోస్ట్‌లో పంపారు. ఆరో రోజుకి పోస్ట్‌మ్యాన్ ఇంటికే తెచ్చిచ్చాడు.

నా రేటింగ్: 9/10. వాళ్ల సైట్‌లో రిటర్న్ ఫారమ్ ఇంకా పికప్ తేదీ తప్ప వేరే ఆప్షన్ ఇవ్వట్లేదు, అందుకే ఒక మార్కు కట్.

మీరు కొనేముందు

ఇయర్‌బడ్స్ అయినా పవర్ బ్యాంక్ అయినా, "మా పిన్‌కోడ్‌కి పికప్ లేకపోతే రీప్లేస్‌మెంట్ ఎలా?" అని ముందే చాట్‌లో అడిగి స్క్రీన్‌షాట్ దాచుకోండి. ప్యాకెట్ పారేయకండి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915కి కాల్ చేయండి. 2019 చట్టం ప్రకారం, కంపెనీ ఎక్కడున్నా మనం ఉండే జిల్లాకి సంబంధించిన వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు.